కాంక్రీట్ కిచెన్ గట్టు: తరచుగా అడిగే ప్రశ్నలు

కిచెన్ గట్టు మీద రాయి, టైల్ ఏదీ పరచకుండా కాంక్రీటునే పైతలంగా ఉంచుకోవాలనుకునేవాళ్లకు వచ్చే సందేహాలివి. విడిగా చెప్పని చోటల్లా 40 మి.మీ. మందం ఉన్న పలకనే లెక్కలోకి తీసుకున్నాం.

స్లాబు పోసే మేస్త్రీ దీన్ని కూడా పోసేస్తాడు కదా?

పోస్తాడు. కాకపోతే స్లాబు మీద తర్వాత ఏదో ఒకటి పరుస్తారు కాబట్టి బుడగలు, గుల్లలు, అతుకు గీతలు అన్నీ దాని కింద దాగిపోతాయి. ఇక్కడ పోసిందే కళ్ల ముందు ఉంటుంది. అచ్చు మూలలో సిలికాన్ ఒక చుక్క ఎక్కువ అంటుకున్నా దాని ఆనవాలు పలక మీద తేలుతుంది. మాల్ బిగుస్తోందని ఇంకో మగ్గు నీళ్లు ఒంపే అలవాటు ఉన్న చేతులకు ఈ పని అప్పగించకపోవడం మంచిది. కొలిచి కలిపే ఓపిక ఉంటే మాత్రం కొత్తవాళ్లు కూడా చేయగల పనే.

మరకలు పడతాయా?

పడతాయి. ఇది ముందే తెలుసుకుని దిగాలి. గట్టిపడిన సిమెంటులో సున్నం ఉంటుంది. నిమ్మరసం, వెనిగర్, టమాటా రసం లాంటి పులుపు తగిలితే ఆ సున్నం కరిగిపోయి, అక్కడ నునుపు పోయి గరుకుగా, వెలిసినట్టుగా మచ్చ మిగులుతుంది. ఇది పైన అంటుకున్న మరక కాదు, తలమే కొంత తినేయబడింది. అందుకే ఎంత తోమినా పోదు. నూనె, కాఫీ సంగతి వేరు. అవి సన్నటి రంధ్రాల్లోకి ఇంకి నల్లటి మచ్చలవుతాయి. రెండింటినీ ఆపాల్సింది సీలరే, అంటే పలక మీద పూసే రక్షణ పూత. ఏ సీలరైనా కొంతవరకే ఆపుతుంది. ఏళ్లు గడిచినా కొత్తగానే కనిపించాలన్న పట్టుదల ఉంటే గ్రానైటో క్వార్ట్జో వేయించుకోవడం మేలు.

బరువు ఎంత ఉంటుంది? కింది అల్మారాలు మోస్తాయా?

కాంక్రీటు ఘనపు మీటరుకు దాదాపు 2400 కిలోలు. ఆ లెక్కన 40 మి.మీ. పలక చదరపు మీటరుకు 96 కిలోలు, 50 మి.మీ. అయితే 120 కిలోలు. 2.4 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు ఉన్న ముక్క ఒక్కటే దాదాపు 138 కిలోలు తూగుతుంది.

గట్టి ప్లైవుడ్‌తో చేసి గోడకు, నేలకు సరిగా బిగించిన అల్మారాలు ఈ బరువును మోస్తాయి. వెనక పలక లేని, పక్కలు ఊగే పెట్టెలు మోయలేవు. సింక్ పెట్టె, డిష్‌వాషర్ ఉండే ఖాళీ, మూల పెట్టె ఈ మూడు చోట్లా అడ్డకమ్మీ వేయాలి. పైన 18 మి.మీ. ప్లైవుడ్ పరిచి, రసమట్టంతో అటూ ఇటూ చూసుకోండి. మీటరుకు 2 మి.మీ. తేడా ఉన్నా ఎత్తు తక్కువైన చోట చెక్క చీలికలు పెట్టి సరిచేయండి. పలక ఎక్కడైనా గాలిలో ఉండిపోతే పగులు మొదలయ్యేది అక్కడే.

అచ్చులో పోసి తెచ్చి బిగించడమా, అక్కడికక్కడే పోయడమా?

ఎత్తి తిప్పడానికి మనుషులుంటే అచ్చులో పోయడమే మంచిది. అచ్చు అడుగున ఉన్న నున్నటి బోర్డే రేపు గట్టు పైతలం అవుతుంది కాబట్టి తాపీ నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు. ఇంట్లో దుమ్ము, బురద ఉండవు. పాడైతే ఇంకొకటి పోసుకోవచ్చు.

అక్కడికక్కడే పోస్తే అతుకులు ఉండవు, వంకర గోడలకు ఇట్టే సరిపోతుంది, మోసే బాధ తప్పుతుంది. అయితే పైతలం మొత్తం తాపీ చేసే చేతి మీద ఆధారపడుతుంది. పైగా కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. కింద బోర్డుకు అతుక్కుపోయి కదల్లేకపోతే పగులుతుంది. అందుకే బోర్డుకూ కాంక్రీటుకూ మధ్య పాలిథీన్ షీటు తప్పనిసరి.

అచ్చు దేనితో చేయాలి?

మెలమైన్ పూత ఉన్న 18 మి.మీ. బోర్డు. పక్క పట్టీలు కూడా అదే బోర్డు నుంచి సరిగ్గా 40 మి.మీ. ఎత్తున కోసి, బయటి నుంచి స్క్రూలతో బిగించండి. మేకులు కొడితే విప్పేటప్పుడు అంచులు విరుగుతాయి.

అచ్చు తిరగేసిన బొమ్మ అన్న విషయం చాలామంది మర్చిపోతారు. గట్టులో సింక్ కుడివైపు ఉండాలంటే అచ్చులో ఎడమవైపు రావాలి. ముందు కాగితం మీద కాకుండా అట్టముక్క మీద అసలు సైజులో గీసి, అల్మారాల మీద పరిచి చూసి, పైతలం మీద "పైన" అని రాయండి. అచ్చులో ఆ రాత కిందికి ఉండేలా బోర్లా వేస్తే పొరపాటుకు తావుండదు.

సింక్ ఖాళీకి గట్టి థర్మోకోల్‌ను అదే మందంలో కోసి, చుట్టూ ప్యాకింగ్ టేపు చుట్టి, అడుగున సిలికాన్‌తో అంటించండి. మూలలు కోసుగా కాకుండా కనీసం 10 మి.మీ. గుండ్రంగా ఉండాలి. కుళాయి రంధ్రానికి కూడా అలాంటి బిళ్లే. ఒంటి రంధ్రం కుళాయిలకు చాలావరకు 35 మి.మీ. సరిపోతుంది, అయినా కుళాయి చేతిలోకి వచ్చాకే కొలవండి. లోపలి మూలలన్నిటా సన్నటి సిలికాన్ గీత వేసి వేలితో నునుపు చేస్తే పలక అంచులు చేతికి గుచ్చుకోకుండా వస్తాయి. సిలికాన్ ఆరాక అంటుకున్న మరకలను స్పిరిట్ గుడ్డతో తుడిచి, రంపపు పొట్టు ఒక్క రేణువు కూడా లేకుండా వ్యాక్యూమ్ పట్టండి. పాత ఇంజన్ ఆయిల్ పూయవద్దు. మెలమైన్‌కు నూనె అవసరం లేదు, పైగా అది మచ్చలు మిగులుస్తుంది.

ఏది ఎంత కలపాలి?

బరువు లెక్కన 1 పాలు సిమెంటు, 2 పాళ్లు కడిగిన ఇసుక, 2 పాళ్లు 10 మి.మీ. లోపు చిప్స్ (సన్న కంకర). నీళ్లు సిమెంటు బరువులో 0.38 వంతు. పైన చెప్పిన 2.4 మీటర్ల పలకకు పది శాతం అదనంగా చూసుకుంటే ఇలా వస్తుంది:

సిమెంటు 28.5 కిలోలు
ఇసుక 56 కిలోలు
చిప్స్ 56 కిలోలు
నీళ్లు 10.8 లీటర్లు, ఇసుకలోని తడిని ఇందులోంచి తీసేయాలి

సింక్ ఖాళీ ఉంటే ఆ మేరకు తగ్గించకండి. మిగిలిన మాల్‌తో 30 సెం.మీ. నమూనా పలకలు రెండు మూడు పోసుకోవాలి, ఎందుకో సీలర్ దగ్గర చెబుతాం. కంకర సైజు పలక మందంలో మూడో వంతు దాటకూడదు, 20 మి.మీ. కంకర ఇక్కడికి అసలు పనికిరాదు.

ఇసుక తడి చిన్న విషయం కాదు. 56 కిలోల ఇసుకలో 4 శాతం తడి ఉందంటే మీకు తెలియకుండానే రెండు లీటర్లకు పైగా నీళ్లు చేరినట్టు. ఆరబెట్టిన ఇసుక వాడండి. లేదంటే కిలో ఇసుకను పెనంలో వేయించి, ఎంత తగ్గిందో తూచండి.

ఇంత తక్కువ నీళ్లతో మాల్ పారదు కదా?

పారదు, అందుకే సూపర్ ప్లాస్టిసైజర్, అంటే నీళ్లు పెంచకుండానే మాల్‌ను పారేలా చేసే రసాయనం. పాలీకార్బాక్సిలేట్ రకం అయితే సిమెంటు బరువులో 0.5 నుంచి 1 శాతం మధ్య చాలు. డబ్బా మీద వేరే మోతాదు ఉంటే దాన్నే పాటించండి. ముందు నీళ్లలో ముప్పావు వంతు పోసి కలపండి, మిగతా నీళ్లలో ప్లాస్టిసైజర్ కలిపి చివర్లో పోయండి. రెండు మూడు నిమిషాలు తిప్పేదాకా దాని పని కనపడదు. ఈలోపే తొందరపడి ఇంకాస్త పోస్తే ఒక్కసారిగా నీరుకారి, చిప్స్ అడుగుకు, సిమెంటు పాలు పైకి విడిపోతాయి.

అదనపు నీళ్లు కాంక్రీటులో ఉండిపోవు. అవి ఆవిరైపోయిన దారులే రంధ్రాలుగా మిగులుతాయి. పలక బలహీనపడుతుంది, ఎక్కువ కుంచించుకుంటుంది, అంచులు పైకి లేస్తాయి, సీలర్‌ను స్పాంజిలా తాగేస్తుంది, రంగు వెలిసినట్టు ఉంటుంది. ఈ పనిలో కనిపించే లోపాల్లో సగానికి మూలం ఒక్క మగ్గు నీళ్లే.

చువ్వలు వేయాలా?

వేయాలి. పలక పగలకుండా ఆపేది చువ్వ కాదు. పగిలినా రెండు ముక్కలవకుండా పట్టి ఉంచేది చువ్వ. 6 మి.మీ. చువ్వలు పొడవునా రెండు మూడు, లేదా 50 మి.మీ. గళ్ల వెల్డ్ మెష్ సరిపోతుంది. సింక్ ముందూ వెనకా మిగిలే సన్నటి పట్టీలు పలకలో అన్నిటికంటే బలహీనమైన చోటు. అక్కడ పట్టీ వెడల్పు 75 మి.మీ. కంటే తగ్గనీయకండి, ఒక్కోదానిలో ఒక పూర్తి పొడవు చువ్వ ఉండాలి. ఖాళీ మూలల దగ్గర ఏటవాలుగా చిన్న ముక్కలు వేయండి.

చువ్వ పైతలానికి 20 మి.మీ. కంటే దగ్గరగా రానీయవద్దు. దగ్గరైతే దాని నీడలాంటి గీత పలక మీద శాశ్వతంగా కనిపిస్తుంది. సింక్ అంచు దగ్గరైతే తడి తగిలి తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును పెళ్లగిస్తుంది. అచ్చు అడుగున ప్లాస్టిక్ బిళ్లలు పెట్టి మెష్‌ను నిలబెడితే ఆ బిళ్లలు కూడా పైతలంలో కనపడతాయి. పక్క పట్టీల మీద నుంచి తీగలతో వేలాడదీసి, సగం మాల్ పోశాక తీగలు కత్తిరించేయండి.

బరువు తగ్గించే దారి లేదా?

గ్లాస్ ఫైబర్ కాంక్రీటు. చిప్స్, చువ్వలు ఉండవు. సిమెంటు, సన్న ఇసుక సమపాళ్లు, కొంత యాక్రిలిక్ పాలిమర్. మొదట ఫైబర్ లేని పల్చటి మాల్‌ను 3 మి.మీ. పొరగా అచ్చులో చల్లి, కొంచెం బిగుసుకున్నాక దాదాపు 3 శాతం ఫైబర్ కలిపిన మాల్ వెనక వేస్తారు. 20 నుంచి 25 మి.మీ. మందంతోనే పని అయిపోతుంది, బరువు దాదాపు సగానికి దిగుతుంది. ఫైబర్ క్షారాన్ని తట్టుకునే రకమే అయి ఉండాలి. మామూలు గాజు ఫైబర్‌ను సిమెంటులోని క్షారం తినేస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు దీనితో కాకుండా చువ్వల పద్ధతితో మొదలుపెట్టడమే మేలు.

రంగు ఎలా కలపాలి?

ఐరన్ ఆక్సైడ్ పొడి. సిమెంటు బరువులో 2 నుంచి 6 శాతం. 10 శాతం దాటితే రంగు పెరగదు, బలం తగ్గుతుంది. లేత రంగులు కావాలంటే తెల్ల సిమెంటు వాడాలి. చెంచాలతో కాకుండా గ్రాముల్లో తూచండి. ఒకే గట్టుకు రెండు పలకలుంటే రెండిటికీ ఒకే బస్తా సిమెంటు, ఒకే నీటి కొలత ఉండాలి. నీళ్లు కాస్త మారినా రంగు ఒక ఛాయ మారిపోతుంది.

బుడగలు లేకుండా పోయడం ఎలా?

పూర్తిగా లేకుండా ఎవరూ పోయలేరు. తగ్గించుకోవచ్చు. మొదటి పొరను 15 మి.మీ. మందాన, అంచుల్లోకి చేత్తో నొక్కుతూ వేయండి, చేతికి గ్లౌజు ఉండాలి. తర్వాత మిగతాది నింపి, గరుకు కాగితం తీసేసిన ఆర్బిటల్ సాండర్‌ను (చెక్కను నునుపు చేసే, అదిరే మిషను) అచ్చు పక్కలకు, బల్ల అడుగుకు ఆనించి ఒక్కో చోట పది పదిహేను సెకన్లు ఆడించండి. పైకి వచ్చే బుడగలు తగ్గగానే ఆపేయాలి. అదే పనిగా ఆడిస్తే చిప్స్ అడుగుకు చేరతాయి. చివరగా వంకర లేని ఒక పట్టీతో అచ్చు అంచుల మీదుగా అటూ ఇటూ రంపంలా లాగి సమం చేయండి.

క్యూరింగ్ ఎన్నాళ్లు? అచ్చు ఎప్పుడు విప్పాలి?

పోయగానే పాలిథీన్‌తో మూసేయండి. వేడి గాలి తగిలే చోట తొలి కొన్ని గంటల్లోనే పైన నెర్రెలు పడతాయి. అచ్చులో నాలుగైదు రోజులు ఉంచండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే తక్కువుంటే వారం దాకా ఆగండి.

విప్పేటప్పుడు ముందు పక్క పట్టీలు తీయాలి. తాపీతోనో స్క్రూడ్రైవర్‌తోనో అంచును ఎత్తబోతే అంచు ఊడివస్తుంది. చెక్క చీలికలు మెల్లగా దూర్చండి. ఎత్తేటప్పుడు పలక ఎప్పుడూ అద్దంలా నిలువుగా, అంచు మీదే ఉండాలి. పరుపులా అడ్డంగా మోస్తే సింక్ దగ్గర విరుగుతుంది. తిప్పే చోట మందపాటి ఫోమ్ వేసుకోండి, 138 కిలోల ముక్కకు నలుగురు కావాలి.

విప్పిన పలకను నేల మీద పరిచేయకండి. కింద పట్టీలు పెట్టి రెండు వైపులా గాలి సమంగా ఆడనివ్వాలి. పైభాగం ముందు ఆరి, కింది భాగం తడిగా ఉంటే పలక గిన్నెలా వంగుతుంది. నీళ్లు పట్టడం, గుడ్డ కప్పడం ఇక్కడ వద్దు. తడి హెచ్చుతగ్గులు, షీటు ముడతలు తగిలిన చోటల్లా చారలు మిగిలిపోతాయి.

పాలిష్ ఎంతవరకు పట్టాలి?

వెట్ పాలిషర్, డైమండ్ ప్యాడ్లు. ప్యాడ్ నంబరు పెరిగేకొద్దీ నునుపు పెరుగుతుంది. పైన ఉన్న సిమెంటు పొర నచ్చితే 200 నుంచి మొదలుపెట్టి 400తో ఆపేయొచ్చు. ఇసుక రేణువులు కనపడాలంటే 100 నుంచి, చిప్స్ దాకా వెళ్లాలంటే 50 నుంచి మొదలుపెట్టాలి. చిప్స్ తేలేలా చేద్దామనుకుంటే వారం రోజుల్లోపే పని మొదలుపెట్టడం సులువు, తర్వాత గట్టిపడి ప్యాడ్లు అరిగిపోతాయి. మధ్యలో కనిపించే చిల్లులను అదే సిమెంటు, అదే రంగు, కొంచెం పాలిమర్ కలిపిన ముద్దతో పూడ్చి, రెండు రోజులాగి మళ్లీ పట్టండి.

మెరుపు కోసం 1500, 3000 దాకా వెళ్లాలని ఉంటుంది. పొర వేసే సీలర్ వాడబోతుంటే మాత్రం వెళ్లకండి. అంత నునుపు మీద పొర పట్టదు, కొన్నాళ్లకే ఒలిచినట్టు లేస్తుంది.

ఏ సీలర్ మంచిది?

మాల్ కంటే ఎక్కువ ఆలోచించాల్సింది దీని గురించే.

లోపలికి ఇంకే రకాలు సైలేన్, సైలాక్సేన్, సిలికేట్. రాయిలాంటి సహజమైన రూపు ఉంటుంది, వేడికి ఏమీ కాదు, అరిగితే మళ్లీ పూస్తే చాలు. నీళ్లను, కొంతవరకు నూనెను ఆపుతాయి. పులుపును మాత్రం ఆపవు. నిమ్మచెక్క కాసేపు ఉన్నా మచ్చ పడుతుంది.

పొరగా నిలిచే రకాల్లో యాక్రిలిక్ చవక, కానీ మెత్తన, గీతలు పడతాయి, వేడి గిన్నెకు అంటుకుంటుంది. ఎపాక్సీ గట్టిది, మరకలు బాగా ఆపుతుంది, కిటికీ ఎండ తగిలితే పసుపెక్కుతుంది, వేడికి మెత్తబడుతుంది. రెండు భాగాల పాలీయురేథేన్ అన్నిటికంటే సమతూకంగా ఉంటుంది. పులుపునూ నూనెనూ ఆపుతుంది, ఎండకు రంగు మారదు. దీనికున్న ఇబ్బందల్లా రిపేరు. ఒక చోట గీసుకుపోతే ఆ ముక్క వరకే పూస్తే అతుకు కనిపిస్తుంది, పలక మొత్తం గీకి పూయాలి. గట్టు మీద వంట ఎక్కువ జరిగే ఇంటికి ఇదే సరైనది. మచ్చలు పడితే పడనీ అనుకునేవాళ్లకు లోపలికి ఇంకే రకం హాయి.

పొర రకాలు వేసేటప్పుడు పలక పూర్తిగా ఆరి ఉండాలి, మామూలుగా 28 రోజులు. పారదర్శక ప్లాస్టిక్ ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల ఆవిరి పట్టినా, కింద నల్లబడినా ఇంకా ఆగాలి. తడి మీద పొర వేస్తే తెల్లగా పాలిపోయి లేచిపోతుంది.

ఇప్పుడు నమూనా పలకల పని. ఒక్కోదానికి ఒక్కో సీలర్ పూసి, వారం ఆగి, నిమ్మరసం, వెనిగర్, నూనె, కాఫీ చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే తుడిచి చూస్తే డబ్బా మీద రాసిన మాటల కంటే ఎక్కువే తెలుస్తుంది. ఆహారం తగిలే తలానికి పనికొస్తుందని తయారీదారు రాసి ఉందో లేదో కూడా చూసుకోండి.

అతుకులు, బిగింపు?

పలకను సిలికాన్ ముద్దల మీద కూర్చోబెడితే చాలు, బరువే పట్టి ఉంచుతుంది. గోడకూ పలకకూ మధ్య 3 మి.మీ. సందు వదిలి సిలికాన్ నింపండి. రెండు పలకల మధ్య 2 మి.మీ. సందు ఉంచి, రంగు కలిసే సిలికాన్ వేయండి. అతుకును సింక్ ఖాళీ మధ్యకు తెస్తే కనిపించే పొడవు తగ్గుతుంది, కానీ నీళ్లు ఎక్కువ పడేదీ అక్కడే. ఎల్ ఆకారపు గట్టును మాత్రం ఒకే ముక్కగా పోయకండి, లోపలి మూల దగ్గర పగులు దాదాపు ఖాయం. ముందు అంచు అడుగున చిన్న గాడి ఉంటే కారే నీళ్లు అల్మారా తలుపుల దాకా పోవు. గాలిలోకి 25 సెం.మీ. కంటే ఎక్కువ చాచితే కింద బ్రాకెట్లు ఉండాల్సిందే.

పాత గట్టు మీద పల్చగా పూయొచ్చా?

మైక్రోటాపింగ్ అనే పల్చటి సిమెంటు పూత వాడితే పూయొచ్చు, మొత్తం 2, 3 మి.మీ. మందం. మెరుపు రాయిని, టైళ్లను గరుకుగా గీకి, ప్రైమర్ పూసి, టైల్ సందులు ముందే నింపి, ఫైబర్ జాలీ పరిచి రెండు పూతలు వేయాలి. సందులు నింపకపోతే ఆ గీతలు కొన్ని వారాల్లో పైకి తేలతాయి. కింద ఏ టైలైనా తడితే బోలు మోత వస్తుంటే దాన్ని తీసేశాకే మొదలుపెట్టండి.

వేడి గిన్నె నేరుగా పెట్టొచ్చా?

కాంక్రీటుకు పర్వాలేదు, సీలర్‌కు పర్వాలేదని చెప్పలేం. పైగా ఒకే చోట హఠాత్తుగా వేడెక్కితే సన్న పగులు రావచ్చు. కింద ఏదైనా పెట్టండి.

పైన తెల్లటి పొడిలా వస్తోంది, ఏంటిది?

లోపలి సున్నం తడితో పైకి వచ్చి, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సుద్దగా మారింది. కొత్తలో వస్తే పొడి బ్రష్‌తో, తర్వాత తడిగుడ్డతో తుడవండి. యాసిడ్ పోసి కడిగితే తలం కూడా పోతుంది. నెలల తర్వాత కూడా వస్తోందంటే సింక్ అంచు నుంచో గోడ నుంచో తడి లోపలికి దిగుతోంది, ముందు ఆ దారి మూయాలి.

సన్న పగులు కనిపించింది, భయపడాలా?

గోరు తగలనంత సన్నగా ఉంటే అది కుంచింపు నెర్రె, సీలర్ పూస్తే చాలు. పగులుకు అటూ ఇటూ వేలు రాసినప్పుడు ఒక వైపు ఎత్తుగా తగిలిందంటే కింద ఆధారం జారింది. ముందు అల్మారా సరిచేసి, ఆ తర్వాత పల్చటి ఎపాక్సీ పోయండి. ముందే ఎపాక్సీ పోస్తే పక్కనే ఇంకో పగులు వస్తుంది.

రోజూ ఎలా శుభ్రం చేయాలి? సీలర్ అరిగిందని ఎలా తెలుస్తుంది?

మెత్తటి గుడ్డ, పీహెచ్ 7 దగ్గరగా ఉండే సబ్బు నీళ్లు. వెనిగర్, బ్లీచ్, స్టీల్ పీచు వద్దు. అప్పుడప్పుడు కొన్ని నీటి చుక్కలు వేసి పది నిమిషాలు చూడండి. ముత్యాల్లా నిలిస్తే సీలర్ ఉన్నట్టే. కింద నల్లబడితే మళ్లీ పూయాల్సిన సమయం వచ్చినట్టు. ఇది కుళాయి చుట్టూ ముందుగా కనిపిస్తుంది.

ఒంటికి జాగ్రత్తలు?

తడి సిమెంటు పీహెచ్ 12 దాటుతుంది. తగలగానే నొప్పి తెలియదు, గంటల తర్వాత చర్మం కాలినట్టవుతుంది. రబ్బరు గ్లౌజులు, కళ్లద్దాలు వాడండి. ప్యాంటు మోకాలి దగ్గర తడిసి అలాగే ఉండిపోయినా మార్చేయండి. పొడి కలిపేటప్పుడు, గీకేటప్పుడు ఎన్95 మాస్కు ఉండాలి. పొడిగా గ్రైండింగ్ చేయకండి, ఇసుకలోని సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని తిరిగి నయం కాదు.

పాలిష్ పట్టినప్పుడు వచ్చే బురదను సింక్‌లో పోయొచ్చా?

వద్దు. పైపు వంపులో చేరి అక్కడే గట్టిపడుతుంది. బకెట్‌లో రెండు రోజులు పేరుకోనిచ్చి, అడుగున గట్టిపడిన ముద్దను చెత్తలో వేయండి. పైన తేరిన నీళ్లు కూడా క్షారమే, మొక్కలకు పోయకండి.